పదకొండో స్టేజీ

ఆ చలికాలమంతా నేను పరుగెత్తిన దూరం తప్పు. ఆ లెక్క చెప్పింది మా ఆయన. ఆయన లెక్క తప్పడం అంతకు ముందు ఎవరూ చూడలేదు కాబట్టి నేనూ నమ్మాను.

మా ఆయన బస్సు డ్రైవరు. ఊరి బస్టాండులో బయల్దేరి, కొండెక్కి, అవతలి పక్కకి దిగి, పెద్దాసుపత్రి గేటు దగ్గర ఆగే బస్సు. ముప్ఫై ఒక్క ఏళ్ళు అదే రోడ్డు మీద తోలాడు. డిపోలో ఆయన్ని గడియారం అంటారు. ఆరూ పదికి కదలాల్సిన బస్సు ఆరూ పదికే కదులుతుంది. సర్వీసు మొత్తంలో ఒక్క లేటు మార్కు లేదు. ఈ సంగతి మా అత్తగారు ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతుంది. గొప్ప కోసం కాదు, మొండి జబ్బు గురించి చెప్పుకున్నట్టు చెబుతుంది.

నాది లాండ్రీలో పని. వందలకొద్దీ దుప్పట్లు, తలగడ గలేబులు, డాక్టర్ల కోట్లు. పెద్దాసుపత్రి బట్టలు కూడా మాకే వస్తాయి. అక్కడి దుప్పట్లు రోజూ మడత పెడతాను గానీ ఆ గేటు లోపల అడుగుపెట్టి అప్పటికి ఇరవై రెండేళ్ళయింది.

ఆ సంవత్సరం వానలు వెనకబట్టాక లాండ్రీ గోడ మీద ఒక కాగితం అంటించారు. అంటించింది ఆసుపత్రిలో ఫిజియోథెరపీ చేసే ఆవిడ. నిలబడి పనిచేసేవాళ్ళ మోకాళ్ళు చూడ్డానికి నెలకోసారి మా దగ్గరికి వస్తుంది. మేమంతా కాళ్ళ డాక్టరమ్మ అంటాం. కొండ పరుగు, ఇరవై ఒక్క కిలోమీటర్లు, మూడు నెలల గడువు. బస్టాండు దగ్గర మొదలు, పెద్దాసుపత్రి గేటు దగ్గర ఆఖరు.

ఇస్త్రీ సెక్షన్లో పనిచేసే పొడుగమ్మాయి నా భుజం మీదుగా చదివింది. "అక్కా, పేరిచ్చేద్దామా?"

"నాకు నలభై తొమ్మిదే తల్లీ. మోకాళ్ళకి ఇంకో పదేళ్ళు ఎక్కువ."

"మెల్లగా పోదాం. నేను పక్కనే ఉంటాగా!"

నేను ఆఖరి లైను మళ్ళీ చదివాను. పెద్దాసుపత్రి గేటు. చేతిలో తడి గలేబు ఉంది. దాన్ని ట్రాలీలో పడేసి పేరు రాసేశాను.

ఇంట్లో చెబితే మా ఆయన నవ్వాడు. "ఇరవై ఒక్క కిలోమీటర్లా? నువ్వా? సంచీ పట్టుకుని రెండో అంతస్తు ఎక్కితేనే రొప్పుతావు."

"అందుకే మూడు నెలలు టైమిచ్చారు."

"వెనకాల బస్సు వస్తుంది, తెలుసా? ఆరింటికి పరుగు మొదలు. బస్సు ఆ రోజుకి ఇచ్చిన టైము ప్రకారం మెల్లగా వస్తూ, వెనకబడినవాళ్ళని ఎక్కించుకుంటుంది. తొమ్మిదిన్నరకి బస్సు గేటు దాటిందంటే పందెం అయిపోయినట్టే. తరవాత వచ్చినవాళ్ళు లెక్కలోకి రారు."

"ఆ బస్సు ఎవరు తోలుతారు?"

ఆయన చొక్కా గుండీలు విప్పుకున్నాడు. బంగాళాదుంపలు తరుగుతున్న అత్తగారు తలెత్తింది. "ఇంకెవరు? వీడే. జాలీ గీలీ లేనివాణ్ణి పంపమని అడిగుంటారు."

నిజంగానే అలాగే అడిగారట. నాకు ఒళ్ళు మండింది. మంటలోనే మాట వచ్చేసింది.

"అయితే నాదో షరతు. మీ బస్సు కంటే ముందు నేను ఆ గేటు దాటితే, ఆ రోజు నన్ను చూశారో లేదో నిజం చెప్పాలి."

అత్తగారి కత్తిపీట ఆగిపోయింది.

"చూడలేదని వందసార్లు చెప్పాను," అన్నాడు మా ఆయన.

"వందసార్లు చెప్పింది నాకొద్దు. నిజం కావాలి."

"దాటలేకపోతే?"

"మళ్ళీ ఈ జన్మలో ఆ మాట ఎత్తను. ఒట్టు."

ఆయన చొక్కా కొక్కేనికి తగిలించాడు. "సరే," అన్నాడు.

ఆ రోజంటే ఇదీ. ఇరవై రెండేళ్ళ కింద మా అమ్మ పెద్దాసుపత్రిలో ఉండేది. ఓ పొద్దున, ఆయన డ్యూటీకి వెళ్ళిపోయాక, పక్కింటివాళ్ళ ఫోనుకి కబురొచ్చింది. వెంటనే రమ్మన్నారు. నేను ఉన్నపళంగా బస్టాండుకి పరుగెత్తేసరికి ఆరూ పన్నెండు. బస్సు అప్పుడే గేటు మలుపు తిరుగుతోంది. అరుస్తూ దాని వెనకాల పెట్రోలు బంకు దాకా పరుగెత్తాను. ఆగలేదు. ఆ రోజుల్లో మళ్ళీ బస్సు తొమ్మిదీ పదికి. నేను వెళ్ళేసరికి అమ్మ మొహం మీద దుప్పటి కప్పేశారు. గంట క్రితం దాకా నా పేరు పెట్టి పిలిచిందని నర్సు చెప్పింది.

కబురు సంగతి ఆయనకి తెలియదు, అది నేనూ ఒప్పుకుంటాను. కానీ నన్ను చూశాడా, లేదా? చూడలేదంటాడు. డ్రైవరుకి వెనక రోడ్డు చూపించడానికే కదా ఆ అద్దం! ఇరవై రెండేళ్ళు ఒకే ఇంట్లో ఉండి, ఒకే కంచం కడుగుతూ, ఆ ప్రశ్న మీదుగా మేమిద్దరం రోజూ నడిచాం.

మర్నాటి నుంచి తెల్లవారగానే బయల్దేరేదాన్ని. మొదటివారం పరుగెందుకు లెండి, వేగంగా నడవడమే. పాలబండివాడు ఆపి మరీ అడిగాడు, "ఏంటమ్మా, ఎవరైనా తరుముతున్నారా?" అని. "మా ఆయన బస్సేసుకుని వస్తున్నాడు," అన్నాను. అతను నిజమేననుకుని వెనక్కి తిరిగి చూశాడు.

ఎంత దూరం వెళ్ళానో తెలియాలి కదా. నాకు వాచీ తప్ప ఇంకేం లేదు. మా ఆయన్నే అడిగాను.

"స్టేజీలున్నాయిగా," అన్నాడు. రోడ్డు పక్కన పసుపు రంగు స్తంభాలుంటాయి, ఒకటి నుంచి పదకొండు దాకా. వాటిని బట్టే టిక్కెట్టు ధర. "ఒక్కో స్టేజీ దాదాపు రెండు కిలోమీటర్లు. పదకొండోది ఆసుపత్రి గేటు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా తోలుతున్నా, ఆ మాత్రం తెలీదా?"

అంతే, స్తంభాలు లెక్కపెట్టుకుంటూ పరుగెత్తాను. మొదటి నెల రెండో స్టేజీ. తరవాత మూడు. రోజూ ఏదో ఒక చోట ఆయన బస్సు నన్ను దాటిపోయేది. లోపల వాళ్ళు చేతులు ఊపేవాళ్ళు. ఆయన మాత్రం హారను కొట్టడు, తల తిప్పడు. కండక్టరు ఒక్కడే ఫుట్‌బోర్డు మీంచి, "కానివ్వండి వదినా!" అని కేకేసేవాడు.

సాయంత్రాలు అత్తగారు బకెట్లో వేడినీళ్ళు పోసి నా ముందు పెట్టేది. "కాళ్ళు పెట్టు అమ్మాయ్. నా కొడుకుని ఓడించే కాళ్ళు ఇవి," అనేది. ఎనభై ఏళ్ళ మనిషికి ఆ సరదా ఏమిటో!

పరుగు ఇంకా మూడు వారాలుందనగా, ఐదో స్టేజీకి వెళ్ళి తిరిగొచ్చాను. రెండు గంటల ఇరవై నిమిషాలు పట్టింది. రానూ పోనూ పది స్టేజీలు, ఇరవై కిలోమీటర్లు. తొమ్మిదిన్నర దాకా అక్కర్లేదు, ఎనిమిదిన్నరకే గేటు దగ్గర కూర్చుంటాను! లాండ్రీలో ఆ రోజు నా నోరు మూతపడలేదు. పొడుగమ్మాయికి మిఠాయి కూడా కొనిపెట్టాను.

ఆ మరుసటి ఆదివారం మళ్ళీ వెళ్ళాను. ఐదో స్టేజీ స్తంభం పక్కన, రోడ్డు మీద, తెల్లరంగుతో ఒక అంకె రాసి ఉంది. ఇంకా తడిగా ఉంది. ఏడు.

కొంచెం పైన కాళ్ళ డాక్టరమ్మ కనిపించింది. చేతిలో కర్ర, కర్ర చివర చక్రం. దాన్ని దొర్లించుకుంటూ దూరం కొలుస్తోంది.

"ఇది పది కదమ్మా?" అన్నాను.

"ఏడండీ. రెండుసార్లు కొలిచాను."

నేను ఆ అంకె పక్కన రోడ్డు మీదే కూలబడ్డాను. ఇరవై అనుకున్నది పద్నాలుగు. పద్నాలుగుకి రెండు గంటల ఇరవై నిమిషాలంటే ఇరవై ఒకటికి సరిగ్గా మూడున్నర గంటలు. అంటే బస్సూ నేనూ ఒక్క నిమిషాన. అదీ, ఎప్పుడూ పరుగెత్తని ఆ చివరి ఏడు కిలోమీటర్లలో కాళ్ళు మొరాయించకపోతే. ఏడుపొచ్చింది. దిగేటప్పుడు పరుగెత్తలేదు, నడిచి వచ్చాను.

"మీ స్టేజీలు అబద్ధం," అన్నాను గుమ్మంలోనే.

"ఆవిడ చక్రం తప్పయి ఉంటుంది," అన్నాడు మా ఆయన.

"కావాలనే చెప్పారా? నేను ఓడిపోవాలనా?"

ఆయన మొహం తెల్లబోయింది. ఆ మాట అనకుండా ఉండాల్సిందని నాకూ అప్పుడే తెలిసింది. బస్సులో కిలోమీటర్ల మీటరు ఎప్పుడో పాడైపోయిందట, ఆయన ఏనాడూ దాని వంక చూడలేదు. గడియారం చూసి తోలే మనిషికి దూరంతో పనేముంది? పక్కింటి స్కూటరు అడిగి తీసుకుని వెళ్ళాడు. రెండు గంటల తరవాత వచ్చి, చేతులు కడుక్కుని, గోడకేసి చూస్తూ కూర్చున్నాడు.

"ఏమైందిరా?" అంది అత్తగారు.

"కొండెక్కే వైపు స్టేజీలు పొట్టివి. దిగే వైపు పొడుగువి. పాతకాలం బండ్లు ఎక్కలేక పాకేవి కదా, పది నిమిషాలకో స్తంభం పాతేశారు. దూరం ఎవరూ చూడలేదు."

"నీ లెక్క తప్పన్నమాట."

"వాళ్ళు పాతినప్పుడే..."

"తప్పన్నమాట."

"ఊఁ," అన్నాడు.

పెళ్ళయిన ఇరవై ఏడేళ్ళలో ఆయన నోట తప్పు ఒప్పుకుంటూ ఒక్క శబ్దం వినడం అదే మొదలు. నాకు సంతోషం కలగాలి. కలగలేదు.

మర్నాడు టీ గ్లాసు కింద మడత పెట్టిన కాగితం ఉంది. గీతలు కొట్టి, పట్టిక వేసి, ఆయన ముత్యాల్లాంటి చేతిరాత. పరుగు రోజు ఏ స్టేజీ దగ్గరికి బస్సు ఎన్నింటికి వస్తుందో, పక్కనే అసలైన కిలోమీటర్లు. కొండ కొమ్ము ఏడో స్టేజీ, పది కిలోమీటర్లు, ఏడూ యాభై. ఆసుపత్రి గేటు, ఇరవై ఒకటి, తొమ్మిదీ ముప్ఫై.

"ఇది సాయమా, బెదిరింపా?" అని అడిగాను.

"బస్సు టైములు," అన్నాడు.

"వాడి దగ్గర రెండూ ఒకటేనమ్మా," అంది అత్తగారు.

ఉన్న పదిహేను రోజుల్లో ఒక్కసారి పదిహేడు దాకా వెళ్ళగలిగాను. ఆ తరవాత మోకాలు వాచింది. ఇంక కదిలితే మంచం ఎక్కుతావని కాళ్ళ డాక్టరమ్మ తిట్టింది.

పరుగు రోజు పొద్దున బస్టాండులో నాలుగొందల మందిదాకా ఉన్నారు. మంచు వల్ల ఎదుటి మనిషి సరిగా కనిపించలేదు. అందరి వెనకా బస్సు, లైట్లు వేసుకుని. మా ఆయన యూనిఫాం ఇస్త్రీ చేసుకుని మరీ వేసుకున్నాడు. నా వంక చూడలేదు. నేనూ చూడలేదు.

మొదటి రెండు స్టేజీలు పొడుగమ్మాయి నా పక్కనే కబుర్లు చెబుతూ పరుగెత్తింది. మూడో స్టేజీ దగ్గర దాని కబుర్లు ఆగాయి. నాలుగో దాని దగ్గర పిక్క పట్టేసి రోడ్డు పక్కన కూర్చుంది. "నువ్వు పో అక్కా, నాకు బస్సుందిలే," అంది. పక్కనే ఉంటానన్న మనిషి!

కొండ కొమ్ము చేరేసరికి ఏడూ నలభై ఏడు. మూడు నిమిషాలు ముందు. మలుపుల కింద నుంచి ఇంజను చప్పుడు వినిపిస్తూనే ఉంది, మొదటి గేరులో, ఒకే తీరున. ఆ చప్పుడు నాకు బాగా తెలుసు. బస్సు మా ఇల్లు దాటి వెళ్ళేటప్పుడు అత్తగారు ఆ చప్పుడుకే టీ పెడుతుంది.

దిగుడులో కాస్త తేరుకున్నాను. ఐదు నిమిషాలు ముందున్నాను, ఆరు కూడా అయ్యాను. ఒంట్లో ఎక్కడలేని హుషారు. పదిహేడో కిలోమీటరు దాటాక అదంతా పోయింది. మోకాలు మంట, తొడలు బిగుసుకుపోయాయి, అడుగు ఎక్కడ పడుతుందో కాళ్ళకి తెలియడం లేదు. పైగా ఆసుపత్రికి ముందు రెండు కిలోమీటర్లు మళ్ళీ ఎక్కుడు. అమ్మ కోసం బస్సులో కూర్చుని వెళ్ళిన రోజుల్లో అది ఎక్కుడని కూడా గమనించలేదు.

ఇంజను చప్పుడు దగ్గరైంది. ఇంకా దగ్గరైంది. నా చెవి పక్కకి వచ్చింది.

తొమ్మిదీ ఇరవై రెండు. గేటు ఇంకా ఎనిమిది వందల మీటర్లు. బస్సు నా పక్కకి వచ్చి ఆగింది, తలుపు తెరుచుకుంది. కండక్టరు చెయ్యి చాచాడు. "ఎక్కండి వదినా. ఇంక చాలు. పరుగు నెంబరు చీటీ నాకిచ్చేయండి."

లోపల పది, పన్నెండు మంది కూర్చుని ఉన్నారు. పొడుగమ్మాయి కిటికీలోంచి ఏడుపు మొహంతో చూస్తోంది. స్టీరింగు దగ్గర ఆయన వీపు.

"ఎక్కను," అన్నాను.

"రూలు వదినా..."

"గేటు దగ్గర తీసుకో నెంబరు. ఎక్కను."

మా ఆయన తల కొంచెం తిప్పాడు. "ఎక్కు," అన్నాడు. గొంతులో కోపం లేదు.

"మీ టైము మీరు చూసుకోండి."

ఆయన వాచీ చూసుకున్నాడు. తలుపు మూసుకుంది. బస్సు కదిలింది.

అలా నేను మళ్ళీ ఆ బస్సు వెనకాల పరుగెత్తాను. అదే పొగ, అదే వెనక అద్దం, అదే రూటు పలక. బండి మారింది గానీ నాకు అదే బండి. ఇరవై రెండేళ్ళ నాటి కోపమంతా ఒక్కసారి పైకి వచ్చింది. ఓడిపోయాను, ఇంక జన్మలో ఆ మాట అడగలేను, ఒట్టు వేసేశాను. ఏడుస్తూ పరుగెత్తాను. పరుగని నేనంటున్నాను, చూసినవాళ్ళు కుంటుతోందని అని ఉంటారు.

బస్సు మలుపు తిరిగి కనపడకుండా పోయింది. నేను మలుపు తిరిగేసరికి, గేటుకి వంద, నూటయాభై మీటర్ల ఇవతల, రోడ్డు ఎడమ పక్కకి జరిగి ఆగి ఉంది. వెనక ఎర్రలైట్లు వెలుగుతున్నాయి. తలుపు మూసే ఉంది.

చెడిపోయిందనుకున్నాను. ఆయన బండి చెడిపోదు.

గేటు దగ్గర కాళ్ళ డాక్టరమ్మ ఈల ఊదుతూ అరుస్తోంది. "బస్సు ఎందుకాగింది? రండి, మూసేయాలి!" బస్సు కదల్లేదు. నేను బస్సు పక్కకి వచ్చాను. కిటికీల్లోంచి లోపలివాళ్ళు చేతులు బయటికి పెట్టి బస్సు రేకు మీద దబదబా బాదుతున్నారు. పొడుగమ్మాయి నడుం దాకా బయటికి వేలాడుతోంది. "పో అక్కా! పో!"

డ్రైవరు కిటికీ దాటేటప్పుడు తలెత్తాను. ఆయన నా వంక చూడలేదు. పక్కనున్న అద్దంలోకే చూస్తున్నాడు, నేను ఇందాక ఉన్నచోటికి.

గేటు దాటాను. ఎవరో నా మెడలో పతకం వేశారు, ఎవరో నీళ్ళిచ్చారు. నా వెనకాలే బస్సు మెల్లగా వచ్చి గేటు దాటింది. కాళ్ళ డాక్టరమ్మ వాచీ చూసి తాడు కట్టేసింది.

బస్సులోవాళ్ళు దిగి అరటిపళ్ళ బల్ల దగ్గరికి పోయారు. నేను బస్సు మెట్లు చేత్తో పట్టుకుని ఎక్కాను. మా ఆయన సీట్లోనే కూర్చుని ట్రిప్పు షీటు నింపుతున్నాడు. ప్రతి ట్రిప్పుకీ డిపోలో ఇవ్వాల్సిన కాగితం అది. ఇంట్లో దాని నకళ్ళు ముప్ఫై ఒక్క ఏళ్ళవి కట్టలు కట్టి ఉన్నాయి; అన్నింట్లో చివరి గడి ఖాళీ.

రాయడం అయ్యాక కలానికి మూత పెట్టి కాగితం నా చేతికిచ్చాడు.

చేరవలసిన సమయం: 9.30. చేరిన సమయం: 9.32. ఆలస్యానికి కారణం: వెనక పరుగెత్తుకొస్తున్న మనిషి అద్దంలో కనిపించింది. ఆపాను.

రెండుసార్లు చదివాను. "మీరు ఆపితే గెలిచాను. ఇది గెలుపు కాదు," అన్నాను.

"ముందు గేటు దాటావు. షరతు అదే."

"నేనడిగింది ఇవాళ్టి సంగతి కాదు."

"తెలుసు." స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి ముందుకి చూస్తూ అన్నాడు. "ఆ రోజూ ఇంతే బాగా కనిపించావు. పెట్రోలు బంకు దాకా."

ఎన్నేళ్ళుగానో తెలిసిన సంగతే. అయినా పక్క సీట్లో కూలబడ్డాను.

"ఎందుకు ఆపలేదు?"

"పెళ్ళాం కోసం బస్సు ఆపాడంటారని." మళ్ళీ తనే అన్నాడు, "మీ అమ్మ సంగతి సాయంత్రం తెలిసింది. ఆ తరవాత ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

నాకు ఆయన్ని కొట్టాలనిపించింది. ఆ పక్కనే, ఈ మాట నోట్లో పెట్టుకుని ఇరవై రెండేళ్ళు ఎలా తోలాడో అనిపించింది. రెండూ ఒకేసారి అనిపించాయి, అబద్ధం ఎందుకు? కళ్ళు తుడుచుకోవడానికి ఏమీ లేక ఆ ట్రిప్పు షీటుతోనే తుడుచుకోబోతే, "అది డిపోలో ఇవ్వాలి," అని లాక్కుని తన చేతిరుమాలు ఇచ్చాడు.

రుమాలు తీసుకుని ఆసుపత్రి వంక చూశాను. మూడంతస్తులు. అమ్మ ఉన్న వార్డు రెండో అంతస్తులో, చివర కిటికీ. అక్కడ ఉతికిన దుప్పట్లు దొంతరగా పేర్చి ఉన్నాయి. బహుశా నేను మడత పెట్టినవే.

"పైకి వెళ్ళి వస్తాను," అన్నాను.

"ఊఁ."

"మీకు తొమ్మిదీ నలభై అయిదుకి తిరుగు ట్రిప్పు ఉంది."

"ఎంతసేపు పడుతుంది?"

"తెలీదు."

ఆయన వాచీ వంక చూడలేదు. చెయ్యి చాచి ఇంజను ఆపేశాడు.